మహారాజశ్రీ ‘తంగడి విజయము’ గారికి

మహారాజశ్రీ ‘తంగడి విజయము’ అను ఎనిమిదాశ్వాసముల ప్రబంధరాజము గారి దివ్యసముఖమునకు, ఒక సామాన్య పాఠకుడు అనేక నమస్కారములతో వ్రాసుకొన్న విన్నపము. ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరు పుట్టనే లేదు గనుక తమ క్షేమానికి వచ్చిన లోటేమీ ఉండదని తలుస్తాను.

నిన్న మధ్యాహ్నం మా ఊరి సాహిత్య సభలో తమ దర్శనభాగ్యం కలిగింది. ప్రధాన వక్తగారు తమలోని ఉత్పలమాల ఒకటి రాగయుక్తంగా చదివి, హంపీ రాజధానిగా ఉన్న విజయనగరం 1565లో దక్కను సుల్తానుల చేతిలో ఓడిపోయిన తంగడి (తళ్ళికోట) యుద్ధం మీద విజయకావ్యం రాసిన ఆ కవి గుండెనిబ్బరాన్ని గంటసేపు కొనియాడారు. సభ చప్పట్లతో మార్మోగింది. అధ్యక్షులవారు ఉద్వేగం పట్టలేక ఇంకో శాలువా అదనంగా కప్పారు. టీ ఇచ్చే వేళకు దగ్గరికి వెళ్ళి, ఏ ప్రచురణ చూశారండీ అని అడిగితే, ఆయన జేబులోనుంచి ఫోను తీసి వాట్సాప్ సందేశం చూపించారు. పైన అనేకసార్లు ఫార్వర్డ్ అయినట్టు రెండు బాణాల గుర్తు కూడా ఉంది. ఆ సందేశం అసలు రూపంలో నాకు ఎప్పుడో వచ్చింది. ‘1565లో మనమే గెలిచి ఉంటే ఏయే పుస్తకాలు వచ్చి ఉండేవి’ అని ఎవరో సరదాపడి అల్లిన పట్టిక అది. చేతులు మారుతుండగా ఆ మొదటి వాక్యం ఎక్కడో రాలిపోయింది, తమరు మాత్రం నిలిచారు.

తమను కల్పించిన మహానుభావుడి నేర్పును నేను తక్కువ చేయను. గోవాలో పోర్చుగీసువారి అచ్చుయంత్రం 1556లోనే దిగింది కాబట్టి, వాళ్ళతో గుర్రాల బేరం ఉన్న హంపీకి అందులో ఒకటి రావడం వింతేమీ కాదని ఆయన లెక్క కట్టాడు. తమకు ఒక పీఠిక రాశాడు, ఆ పీఠికను ఖండిస్తూ ఇంకొకరి పీఠిక రాశాడు, మూడవ ముద్రణను నిషేధింపజేశాడు. ఇంత జాగ్రత్త పడినవాడు ఉత్పలమాల మూడో పాదంలో యతి ఎందుకు తప్పాడో తెలియదు. గెలిచిన సామ్రాజ్యంలో యతి నియమం కూడా రద్దు చేశారేమో.

తమ పట్టికలో ఉన్నవన్నీ ఆస్థానకవుల కావ్యాలే కావడం గురించి కూడా పెద్దగా అనను. ఒక పంచాంగం గానీ, ఒక వంటల పుస్తకం గానీ, పది పద్యాలకే విసుగెత్తించే ఒక చెత్త శతకం గానీ లేని సాహిత్యాన్ని ఊహించడానికి కూడా కొంత ధైర్యం కావాలి.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. తమరు పుట్టాలంటే హంపీ నిలవాలి. హంపీ నిలిస్తే తంజావూరు నాయకుడు ఏటా కప్పం మోసుకొచ్చే మండలాధిపతిగానే ఉండిపోతాడు, మదుర నాయకుడూ అంతే. అప్పుడు మువ్వ నుంచి బయలుదేరిన పదకర్త క్షేత్రయ్య ఎక్కడికి వెళతాడు? ‘వేడుకతో నడచుకొన్న’ పదంలో ఆయనే తన పోషకుల లెక్క చెప్పుకున్నాడు: మదుర, తంజావూరు, గోలకొండ. మూడూ హంపీ కూలిన తరువాత తలెత్తినవో, బలపడినవో. తమ చరిత్రలో ఈ మూడింటినీ తుడిచేసి, ఆయన చేతికి ఏ కొలువుకు దారి చూపిస్తారు? తంజావూరు విజయరాఘవ నాయకుడు స్వతంత్రుడు కాకపోతే పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’ ఎవరి సభలో ఆడుతుంది? నాయకుల తరువాత మరాఠాలు తంజావూరుకు రాకపోతే ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ఉండదు, ‘రాధికా సాంత్వనము’ ఉండదు, 1910లో దాన్ని అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మకు ఆ పని ఉండదు. తమ మూడవ ముద్రణకు అలంకారంగా తగిలించిన నిషేధం ఆ పుస్తకానికి నిజంగానే తగిలింది. దాన్ని భరించినవాళ్ళు మనుషులు, తమలాగా పాదసూచికలు కారు.

ఇంకా ఉంది, వినండి. హంపీ పడ్డాక తెలుగునేల విడిచి దక్షిణానికి నడిచిన కుటుంబాలకు తంజావూరు అచ్యుతప్ప నాయకుడు ఇళ్ళూ పొలాలూ ఇచ్చి నిలిపిన మెలట్టూరులో, ఇప్పటికీ నరసింహ జయంతికి వేంకటరామశాస్త్రి తెలుగు నాటకాలు రాత్రంతా ఆడుతున్నారు. స్త్రీపాత్రలు మగవాళ్ళే కడతారు, ఎదుట కూర్చుని చూసేది తమిళులు. ఆ వలసలే లేకపోతే కాకర్ల ఇంటిపేరు కావేరీ ఒడ్డుకు చేరుతుందా? 1767లో తిరువారూరులో ఒక పిల్లవాడు పుట్టి, చుట్టూ తమిళం వినబడే ఊళ్ళో ‘ఎందరో మహానుభావులు’ అని తెలుగులో పాడతాడా? తమ ఎనిమిది ఆశ్వాసాలకు మేము కట్టవలసిన సుంకం ఇంత అని తమ కర్తగారు పట్టికలో ఎక్కడా రాయలేదు.

గెలిచినవాణ్ణి రాక్షసుడిగా చూపించడం తమకు అలవాటేనని వక్తగారు చదివిన పద్యమే చెప్పింది. ఆ గెలిచినవాళ్ళలో ఒకడైన గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా, రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. మన కవులు అతణ్ణి మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అతనికే అంకితం. అతని ఉద్యోగి, పొట్లచెరువు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన ‘యయాతి చరిత్రము’ మనకు మొదటి అచ్చ తెనుగు (సంస్కృత పదాలు కలవని) కావ్యం. ఆ ఇబ్రహీంను తమ పద్యంలో చంపేశారు కదా, ఆ కావ్యాన్ని ఎవరు అడిగి రాయించుకుంటారు? హంపీని నడిపిన రామరాయలా?

అసలు నువ్వెవరివి? ‘చిన్నారి పొన్నారి చిఱుత కూకటినాడు’ మరుత్తరాట్చరిత్ర రాశానని శ్రీనాథుడు తన నోటితో చెప్పుకున్నాడు, అది పోయింది. శాలివాహన సప్తశతి పోయింది. తిక్కన విజయసేనము పోయింది, పెద్దన హరికథాసారము పోయింది. పోయిన కావ్యాల నుంచి ఏదో సంకలనంలో చిక్కుకుని మిగిలిన పద్యాలను ఒక్కొక్కటిగా ఏరి, 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రి ‘ప్రబంధ రత్నావళి’గా అచ్చు వేయించారు.  నిజంగా ఉండి పోయిన పుస్తకం కోసం ఒక్క సభ పెట్టని మేము, ఎన్నడూ లేని నీకు శాలువాలు కప్పుతున్నాం. తాళపత్రాలు చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది మిగిలారు. నీ పద్యం మాత్రం కంఠస్థం చేసి మరీ చదువుతున్నారు. సిగ్గుపడవలసింది మేమేననుకో, కానీ నీకూ కొంచెం ఉండాలి.

క్షమించండి, మర్యాద తప్పాను. తిరిగి తమరే అంటాను, ఎందుకంటే తమతో నాకు ఒక పని ఉంది. తమ హంపీలో, తంగడి గెలుపు తరువాత నూరేళ్ళకో నూటయాభై ఏళ్ళకో, పనిలేని పెద్దమనిషి ఒకడు తప్పకుండా ఉండి ఉంటాడు. వాడు సాయంకాలాలు అరుగు మీద కూర్చుని, మనం ఓడిపోయి ఉంటే ఏయే పుస్తకాలు వచ్చి ఉండేవి అని ఊహిస్తూ ఉంటాడు. మువ్వ గోపాలుడి పేరుతో వేల పదాలు పాడిన ఒక సంచారి, మరాఠా రాజు కొలువులో తెలుగు కావ్యం రాసిన ఒక వేశ్య, తురకదొరకు అచ్చ తెనుగు కావ్యం అంకితమిచ్చిన ఒక కవి, తమిళదేశంలో రామా అని తెలుగులో ఏడ్చిన ఒక భిక్షువు. ఇవన్నీ వాడు కల్పిస్తే పక్కవాళ్ళు విని, నమ్మేటట్టు చెప్పవయ్యా, ఓడిపోయిన జాతికి ఇంత ఎలా వస్తుంది అని నవ్వి ఉంటారు. ఆయన యతులు తప్పేవాడు కాడని కూడా నాకు గట్టి నమ్మకం. ఆయన చిరునామా తమ దగ్గర ఉంటే తిరుగుటపాలో పంపగలరు. మా ఊరి సభకు వచ్చే నెల వక్తగా పిలిపిస్తాను, శాలువా ఖర్చు నాది.

ఇట్లు,
తమరు లేకపోతే పుట్టిన పుస్తకాలు చదువుకునే ఒక పాఠకుడు