‘5 నిమిషాల నడక’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘స్టేషన్‌కు 5 నిమిషాల నడక’ గారికి,

మేం ఇక్కడ క్షేమం. మీరు ఎక్కడున్నారో మాత్రం తెలియడం లేదు. ఇల్లు అమ్మే ప్రకటనలో మొదటి వరుసలోనే ఉన్నారు. మేం సామాను దించిన రోజు నుంచి పత్తా లేరు.

అంత ఊరి చివర ఇల్లెందుకని అడిగినవాళ్లందరికీ మిమ్మల్నే చూపించి నోరు మూయించాను. ఇప్పుడు వాళ్లు చుట్టపుచూపుగా వస్తామంటే, స్టేషన్‌కు బండి తీసుకెళ్తున్నాను. నడిపిస్తే పరువు పోతుంది.

మీది పచ్చి అబద్ధం అనను. మేడ ఎక్కితే స్టేషన్ కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద ఎవరు ఆవలిస్తున్నారో కూడా చెప్పగలను. చిక్కల్లా ఒక్కటే. లోపలికి వెళ్లే దారి పట్టాలకు అవతల ఉంది. అవతలికి వెళ్లాలంటే వంతెన ఎక్కాలి. దాని మెట్లేమో స్టేషన్‌కు ఎదురు దిక్కున ఉన్నాయి. అంటే రోజూ స్టేషన్‌కు వీపు చూపించి బయల్దేరతాను.

మీ జన్మరహస్యం తర్వాత తెలిసింది. మనిషి నిమిషానికి సుమారు 80 మీటర్లు నడుస్తాడని లెక్క. అంటే మీరు 400 మీటర్లు. ఎవరో మ్యాప్ మీద స్కేలు పెట్టి, ఇళ్ల మీదుగా, గోడల మీదుగా గీత గీశారు. వీధులు స్కేలు మాట వినవు కదా! ఇటు 240 మీటర్లు, మలుపు తిరిగి అటు 320 మీటర్లు నడిస్తే గీత 400 మీటర్లే, కాళ్లకు మాత్రం 560. అక్కడికే 7 నిమిషాలు. అదీ చేతిలో సంచి, పక్కన పిల్లాడు, ఎదురుగా ఎర్ర సిగ్నల్ లేకపోతే. వంతెన మెట్లు, మా అమ్మ మోకాళ్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

జపాన్‌లో మీ ఆటలు ఇంతగా సాగవు. అక్కడి ఇళ్ల ప్రకటనల్లో దూరాన్ని రోడ్డు వెంటే కొలవాలి. 80 మీటర్లకు 1 నిమిషం వేసి, మిగిలిన ముక్కనూ నిండు నిమిషంగానే లెక్కగట్టాలి. (సిగ్నల్ దగ్గర నిలబడే సమయం మాత్రం అక్కడా లెక్కలో లేదు. మీకు అన్నిచోట్లా చుట్టాలున్నారు.)

మీ తమ్ముడు ‘ఇంటి ముందే బస్సు’ గారిని కూడా కలిశాం. స్టాపు నిజంగా ఇంటి ముందే ఉంది. బస్సే అరగంటకొకటి. టైము చూసుకోకుండా వెళ్తే సగటున 15 నిమిషాల నిరీక్షణ. 10 నిమిషాలకో బస్సు వచ్చే స్టాపు కాస్త దూరమైనా అదే దగ్గర.

ఇంతకీ మాకు నిజంగా దగ్గరైంది చప్పుడు. రైలు ఆలస్యమని మైకులో చెప్పేది ప్లాట్‌ఫారం మీద గొణుగుడు, మా పడకగదిలో స్పష్టం. బడి కూడా దగ్గరే. బడి వదిలేవేళ ఒకాయన మా గేటుకు అడ్డంగా కారు పెట్టి, ‘‘ఒక్క 5 నిమిషాలే సార్’’ అన్నాడు. ఆయన కూడా మీ మనిషే అన్నమాట.

అసలు సంగతికి వస్తాను. మా పై వాటా అద్దెకు ఇద్దామనుకుంటున్నాం. ప్రకటనలో ‘‘స్టేషన్‌కు 12 నిమిషాలు’’ అని రాయమంటుంది మా ఆవిడ. 12 అని చూశాక ఇంకెవరు ఫోన్ చేస్తారండీ? తమరు ఒక్క వారం వచ్చి పని చేసి పెట్టండి. మెట్లు ఎటున్నాయో ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు నేనే నిదానంగా చెబుతాను.

ఇట్లు,
వంతెన మధ్యలో ఆయాసపడుతున్న మీ పాత బాధితుడు