విప్పడం కూడా చూసి కొనాలి

స్నీకర్ల మీద నేను చదివిన సమీక్షలన్నీ తొడుక్కున్నాక ఎలా ఉంటుందో చెప్పేవే. విప్పడం గురించి రాసినవాళ్లు నాకు కనపడలేదు. మనకేమో శని, ఆదివారాలు సగం విప్పడంలోనే పోతాయి. పొద్దున గుడి, మధ్యాహ్నం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, సాయంత్రం ఇంకెవరి పిల్లాడిదో పుట్టినరోజు. మూడు గుమ్మాల దగ్గరా వంగి లేసులు విప్పాలి, మళ్లీ వంగి కట్టుకోవాలి. యాభై దాటిన నడుముకి అదొక పరీక్ష.

నా ఓటు అడిడాస్ స్టాన్ స్మిత్‌కి. తెల్లటి షూ, మడమ దగ్గర ఆకుపచ్చ ముక్క, చీలమండకి కిందే ఆగిపోయే అంచు. నిజానికి ఇది టెన్నిస్ ఆడేందుకు 1960లలో రాబర్ట్ హైలెట్ అనే ఫ్రెంచ్ ఆటగాడి పేరుతో చేసిన తోలు బూటు. తర్వాత 1971లో యూఎస్ ఓపెన్, 1972లో వింబుల్డన్ గెలిచిన అమెరికన్ స్టాన్ స్మిత్ పేరు దానికి వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు లేసుల కిందుండే షూ నాలుక మీద స్మిత్ బొమ్మ, పక్కన హైలెట్ పేరు! పాపం, ఇప్పుడు స్టాన్ స్మిత్ అంటే మనిషని మా అమ్మాయికే తెలీదు.

నాకు నచ్చేది దాని మౌనం. అడిడాస్ మూడు గీతలు ఇందులో గీతలుగా ఉండవు, వరసగా పొడిచిన చిన్న చిన్న రంధ్రాలుగా ఉంటాయి. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలీదు, పైగా కాలికి కాస్త గాలి ఆడుతుంది. ఆఫీసు ప్యాంటు మీదికీ, జీన్స్ మీదికీ సరిపోతుంది. ఈ మధ్య పెళ్లి రిసెప్షన్లలో కుర్రాళ్లు కుర్తా పైజమా మీద కూడా వేస్తున్నారు. బానే ఉంది.

లోపాలు లేవా? సోల్ బల్లపరుపుగా ఉంటుంది, అరికాలి ఒంపుకి ఆసరా తక్కువ. పరుగుకీ, రోజంతా నిలబడే ఉద్యోగానికీ వేరేది చూసుకోండి. 2021లో మామూలు రకంలో తోలు బదులు కొంత రీసైకిల్ చేసిన సింథటిక్ వాడటం మొదలుపెట్టారు. పర్యావరణానికి మంచిదే, కాదనను. కానీ తోలు వాడేకొద్దీ కాలి ఆకారానికి ఒదుగుతుంది, ముడతలు కూడా అందంగా పడతాయి. ఆ సుఖం వేరు. సైజు కొంచెం వదులుగా ఉంటుందని చాలామంది అర సైజు తగ్గించి కొంటారు. నేను తగ్గించను. లేసులు ఒకసారి వదులుగా కట్టేసి, చెప్పుల్లా దూర్చుకుని తిరుగుతాను. మడమ తొక్కకండి అని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. గుడి బయట అరల్లో సగం తెల్ల స్నీకర్లే. ఉగాది రోజు పులిహోర పొట్లంతో బయటికొచ్చి, మాటల్లో పడి, దొరికినవి దూర్చుకుని ఇంటికొచ్చేశా. గరాజ్‌లో విప్పుతుంటే తెలిసింది, ఎడమది నాదే, కుడిది ఎవరిదో. అదీ ఆకుపచ్చ మడమే, అర సైజు పెద్దది. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే నవ్వే బొమ్మలు తప్ప జవాబు లేదు.

మరుసటి ఆదివారం దాన్ని అదే అరలో పెడదామని వెళ్తే, నా కుడి షూ అప్పటికే అక్కడుంది. శుభ్రంగా తుడిచి, లేసులు బిగించి, రెండు ముళ్లు వేసి ఉంది. విప్పడానికి అక్కడే మెట్ల మీద కూర్చోవాల్సొచ్చింది.