ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ గారికి ఒక వడ్రంగి విన్నపం

మహారాజశ్రీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ గారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళంలో చెక్కపని చేసుకుని బతికే ఒక చర్చి సంఘ పెద్ద వందనాలతో రాసుకునేది.

ముందే చెప్పేస్తాను, తమరంటే నాకు గిట్టదు. తమరొచ్చాక మా చేత బల్లలు చేయించుకునేవాళ్లు కరువయ్యారు. కాబట్టి ఈ ఉత్తరంలో కొంత కడుపుమంట ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి చదవండి, కుదరకపోతే దాంతోనే చదవండి.

మొన్న మా సంఘంలో యవ్వనస్తుల శిష్యత్వ సదస్సు జరిగింది. (సంఘం పేరెందుకు లెండి, ఆదివారం మళ్లీ అక్కడికే వెళ్లాలి.) మూడు రోజుల్లో కుర్రాళ్లకి క్రైస్తవ శీలం అలవరచాలని సంకల్పం. టెంట్ హౌస్ నుంచి తమరిని 150 మందిని రప్పించాం, వీపుల మీద తెల్ల పెయింటుతో ఓనరు ఫోన్ నంబరుతో సహా. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదుదాకా కుర్రాళ్లు తమరి ఒళ్లోనే ఉన్నారు. విధేయత మీద గంటన్నర, నమ్మకత్వం మీద గంటన్నర, సోమరితనం మీద భోజనాలయ్యాక. ఆ ఆఖరి పాఠానికి సగంమంది కునుకు తీశారు, అంటే ఉదాహరణలతో సహా బోధించినట్టే. వక్త గారు వైజాగ్ నుంచి కారులో వచ్చి కారులో వెళ్లారు. పాపం మంచాయనే. ఒక్క కుర్రాడి పేరు కూడా ఆయనకి తెలీదు, అంతే.

చివర్లో అందరికీ ధ్రువపత్రాలిచ్చాం. 120 మంది శీలవంతులయ్యారని సంతకాలు పెట్టింది నేనే. చెయ్యి నొప్పెట్టింది కూడాను.

ఇంటికెళ్లి పడుకున్నాక వచ్చింది అనుమానం. శిష్యుడు గురువులాగే తయారవుతాడని కదా లూకా సువార్తలో ఉంది. ఈ మూడు రోజులూ వాళ్లు ఎవరి దగ్గర శిష్యరికం చేశారు? తమరి దగ్గరే. ఏం నేర్చుకున్నారు? కదలకుండా ఉండడం, అయిపోగానే ఒకరిలో ఒకరు ఒదిగి మూలకి చేరడం. ఆ లెక్కన సదస్సు దిగ్విజయం.

మత్తయి యేసుని వడ్లవాని కుమారుడంటాడు, అంటే వడ్రంగి కొడుకని. మార్కు నేరుగా వడ్లవాడే అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఎన్నేళ్లు పొట్టు ఊడ్చి ఉంటాడో మా పనివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బోధ మొదలుపెట్టేసరికి ఆయనకి ఇంచుమించు ముప్పై ఏళ్లని లూకా లెక్క. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే హతసాక్షి రాసినదాన్నిబట్టి ఆయన చేసినవి నాగళ్లూ కాడులూనట. కాడి చేసినవాడు కాబట్టే నా కాడి ఎత్తుకుని నా దగ్గర నేర్చుకోండి అనగలిగాడని నాకనిపిస్తుంది. మా వైపు కోడెకి దుక్కి అలవాటు చేయాలంటే ముదురు ఎద్దు పక్కన కాడి కడతారు. కోడెని కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పిన రైతుని నేనింతవరకూ చూళ్లేదు.

ఇక అపొస్తలుడు పౌలు గారు. కొరింథు పట్టణంలో అకుల ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉండి, వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. ఒకరకంగా ఆయనదీ టెంట్ హౌసే. కుర్చీలు అద్దెకిచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు.

అంతదూరం దేనికి, ఖద్దరు నేసే మన పొందూరు చూడండి. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎంత నొక్కాలో మైకులో చెప్తే వస్తుందా? తల్లి పక్కన కూర్చున్న పిల్ల చేతికి తెలుస్తుంది. (అన్నట్టు, ఆడపిల్లలకి మేం ఏ సదస్సూ పెట్టలేదు. వాళ్లు మూడు రోజులూ వంటింట్లో పెద్దమ్మల చేతికింద పనిచేశారు. ఈ వాక్యం రాశాక కాసేపు పెన్ను ఆగిపోయింది.)

నా సంగతి చెప్తాను. పదహారో ఏట ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో, మావయ్య షెడ్డులో పనికి కుదిరాను. మొదటి ఏడాది పొట్టు ఊడ్చాను, రంపానికి అవతలి కొస పట్టాను. రెండో ఏడు ఉలి చేతికిచ్చాడు. ఊళ్లోనే బలగ అనే పేటలో ఒకాయనకి ద్వారబంధం చేస్తున్నాం. బెజ్జం తవ్వడంలో ఉలి జారి రెండు నూళ్లు ఎక్కువ పోయింది. గుట్టుగా పొట్టూ ఫెవికాలూ కలిపి లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్దేశాను. నా కంటికే కనిపించలేదు. మావయ్య వచ్చి కళ్లతో చూడలేదు, బొటనవేలి గోరుతో గీసుకుంటూ వెళ్లాడు. గోరు ఒకచోట ఆగింది.

"ఏట్రా ఇది?"

"లప్పం, మావయ్యా."

ఒక్క తిట్టు తిట్టలేదు, అదే భయమేసింది. సైకిలు తీసి వెనక ఎక్కమన్నాడు. బలగలో ఆ ఇంటి గేటు దగ్గర తను ఆగిపోయి, "ఎల్లు, నువ్వే సెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ ఇంటాయన "పోనీలేవయ్యా, కుర్రాడు" అన్నాడు. మావయ్య పోనివ్వలేదు. కొత్త చెక్క తెచ్చి మళ్లీ చేయించాడు. దాని ఖరీదు పదకొండు వారాలు నా కూలీలో కోశాడు.

ఆయన పరిశుద్ధుడేమీ కాదు. బీడీ ఆరనిచ్చేవాడు కాదు, మూలమట్టంతో నడ్డిమీద ఒకటిచ్చేవాడు, కూలీ ఏనాడూ శనివారం ఇచ్చిన పాపాన పోలేదు. టేకు చూపించి వేరే కలప అంటగట్టడం నేర్పే మేస్త్రులు కూడా ఇదే ఊళ్లో ఉన్నారు, వాళ్ల చేతికింద కుర్రాళ్లు అదీ చక్కగానే నేర్చుకున్నారు. శిష్యరికంలో మంచీ చెడ్డా రెండూ దిగుతాయి, ఏం చేస్తాం. తమరి దగ్గరైతే ఆ భయం లేదు, ఏదీ దిగదు.

మేం సభలో శిష్యత్వం అంటాం, షెడ్డులో శిష్యరికం అంటాం. మొదటిదానికి తమరుంటే చాలు. రెండోదానికి ఒక పెద్దమనిషి రోజూ తన తప్పులు కుర్రాడి కంట పడేలా బతకాలి. అందుకే సంఘ పెద్దలందరం ఏకగ్రీవంగా తమరినే ఎన్నుకున్నాం. అద్దెకి దొరుకుతారు కూడాను.

ఆఖరి రోజు సాయంత్రం అందరూ ధ్రువపత్రాలతో సెల్ఫీలు దిగుతుంటే, ఒక కుర్రాడు మాత్రం తమరిని పదేసి చొప్పున పేరుస్తున్నాడు. ఎవరూ పురమాయించలేదు. ఇంతలో తమరిలో ఒకరి కాలు ఫట్‌మంది. వాడు అటూ ఇటూ చూసి, ఆ కుర్చీని దొంతర మధ్యలోకి దూర్చి, పైన మరో నాలుగు వేశాడు. తలెత్తితే ఎదురుగా నేను.

"ముందే విరిగుంది, పెద్దయ్యా."

లప్పం వాసన నాకు తెలుసు. స్కూటరు తీసి ఎక్కమన్నాను. విరిగిన తమరిని ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. టెంట్ హౌస్ ముందు నేను బండి దిగలేదు. వాడు బయటికొచ్చేసరికి చెవులు తమరి రంగులో ఉన్నాయి. 200 అడిగారట. నా దగ్గర తీసుకుని వెళ్లి కట్టాడు. షెడ్డులో పొట్టు ఊడ్చి రోజుకి 20 చొప్పున తీరుస్తానన్నాడు.

ఎనిమిదికి రమ్మన్నాను. ఇవాళ నాలుగో రోజు. తొమ్మిదిన్నరకి వచ్చాడు.

ఇట్లు,
తమ పాత శత్రువు