"ఇందులో ఏముంది?" అనేవాళ్లకి

పిల్లల మూడు చక్రాల స్కూటర్లు చూసే ఉంటారు. హ్యాండిల్ తిప్పక్కర్లేదు, పిల్లాడు ఏ పక్కకి ఒరిగితే ముందు చక్రాలు అటు తిరుగుతాయి. ఇలాంటి స్టీరింగ్‌కి పేటెంట్ అనగానే మనవాళ్ల తీర్పు రెడీ: "ఇందులో ఏముంది బాస్, రెండు కీళ్లు, ఒక స్ప్రింగ్. మా వర్క్‌షాపు కుర్రాడైనా చేస్తాడు."

చేస్తాడండీ. బొమ్మ విప్పి చేతిలో పెడితే ఎవరైనా చేస్తారు. పొడుపుకథ జవాబు విన్నాక "ఓస్, ఇంతేనా" అనడం లాంటిదే ఇది. దరఖాస్తు పెట్టకముందు, ఈ బొమ్మని చూడని మామూలు డిజైనర్‌కి ఈ ఆలోచన తట్టేదా అన్నదే అసలు ప్రశ్న.

అలాగని నేను కంపెనీల తరఫు వకీల్ని కాదు. ఒరిగితే ఇరుసు తిరిగే ఏర్పాటుకి అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ 1863లోనే రోలర్ స్కేట్ల మీద పేటెంట్ తీసుకున్నాడు. స్కేట్‌బోర్డులూ అదే సూత్రంతో తిరుగుతాయి. దాన్నే తెచ్చి స్కూటర్‌కి బిగించి కనిపెట్టామంటే కుదరదు. కారు పెడల్‌కి ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించిన పేటెంట్‌ని అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్ అనే కంపెనీ కేసులో ఇలాగే కొట్టేసింది. మన సుప్రీంకోర్టు 1978లోనే, మీర్జాపూర్ పాత్రల తయారీ కేసులో, వర్క్‌షాపు స్థాయి మెరుగుదల చాలదని తేల్చింది.

కానీ బిగించగానే పని అయిపోదు. మూడేళ్ల పిల్లాడు తేలిక. స్ప్రింగ్ గట్టిదైతే వాడి బరువుకి ఒరగదు. మెత్తదైతే కాస్త స్పీడందుకోగానే చక్రాలు ఊగుతాయి, మరీ ఎక్కువ తిరిగితే బోల్తా. ఈ రెండు ఇబ్బందుల్నీ కీలు వాలు మార్చి ఒకేసారి తీర్చారనుకోండి, ఆ దారి పాత పేటెంట్ పత్రాల్లో ఎక్కడా లేదనుకోండి, పేటెంట్ ఇవ్వాల్సిందే. పార్టులు తక్కువైనంత మాత్రాన తెలివి తక్కువైనట్టు కాదు. బొమ్మల ధరల్లో పార్టు తగ్గించడమే పెద్ద తలనొప్పి.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. వీల్‌చైర్ పత్రం ఒకటి, సైకిల్‌ది ఒకటి, సామాన్ల ట్రాలీది ఒకటి పక్కపక్కన పెట్టి, "ఈ మూడూ కలిపితే మీదే" అని పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పరిశీలించేవాళ్లు అభ్యంతరం రాసేయడం. బొమ్మల డిజైనర్ ఆ ట్రాలీ పత్రాన్ని ఎందుకు తెరుస్తాడు? తెరిచినా అందులోంచి ఆ కీలునే ఎందుకు తీసుకుంటాడు? ఆ కారణం కాగితం మీద రాయండి. కేఎస్ఆర్ తీర్పు కూడా కారణం విడమరిచి చెప్పమనే అంది. అది రాయలేకపోతే ఆ అభ్యంతరం వెనక్కి తీసుకోండి.