వెనక డోరు దించితే మీ పికప్ లైట్లు కనిపిస్తున్నాయా?

గోదావరి డెల్టాలో పికప్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మంచు దిగే రోజులు దగ్గరపడుతున్నాయి, ఇప్పుడు చెప్పకపోతే ఉపయోగం లేదు.

రాత్రి పూట ఉండి నుంచి ఆకివీడు వైపు గానీ, నరసాపురం నుంచి మొగల్తూరు వైపు గానీ ఓసారి వెళ్ళి రండి. ఎదురొచ్చే పికప్‌ల క్యాబిన్ మీద నీలం లైటు, గ్రిల్లులో ఎరుపు, బంపరు కింద ఆగకుండా కొట్టుకునే తెల్ల ఎల్‌ఈడీలు. అదే బండి మనల్ని దాటాక అద్దంలో చూడండి. ఒక టెయిల్ లైటు వెలగదు. రెండోదాని మీద చెరువు గట్టు బురద ఎండి అట్టకట్టి ఉంటుంది. డబ్బంతా ముందు పెట్టారు, ప్రమాదం వెనక నుంచి వస్తుంది. నా గొడవంతా దీని గురించే.

వార్నింగ్ లైటు కొనేది వెనక వచ్చేవాడి కోసం. వాడికి తెలియాల్సింది ముందు ఒక బండి ఉందని, అది ఆగి ఉందో నెమ్మదిగా పోతోందో అని. అది తెలిసేలా చేయని లైటు ఎంత ఖరీదు పెట్టి కొన్నా దండగే.

పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టి బండికెక్కించే పని, దాని సంగతే తీసుకోండి. ఎండ ఎక్కితే రొయ్య పాడవుతుంది కాబట్టి బళ్ళు తెల్లవారుజాముకి ముందే చెరువు దగ్గరికి చేరాలి. గట్టు మీదికి బండి దిగే దారి లేకపోతే కాలువ పక్క రోడ్డు మీదే ఆపేస్తారు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు, మధ్యలో రెండు బళ్ళు ఒరుసుకుంటూ పోయేంత తారు. ఐసు, ట్రేలు ఎక్కించడానికి వెనక డోరు దించుతారు. ఇప్పుడు ఓ ముప్పై అడుగులు వెనక్కి నడిచి, తిరిగి మీ బండిని మీరే చూడండి. మన పికప్‌లకి టెయిల్ లైట్లు, ఇండికేటర్లు బాడీ ఫ్లోరు కింద ఉంటాయి. డోరు పూర్తిగా వేలాడితే నేరుగా వాటి మీదికే వస్తుంది. కొన్ని బళ్ళకి సగం మూసుకుపోతాయి, కొన్నిటికి మొత్తం. లోపల డ్రైవరు నాలుగు ఇండికేటర్లూ వేసే ఉంచాడు, డ్యాష్‌బోర్డులో టిక్కు టిక్కుమని శబ్దం వస్తోంది, తన పని తను చేశాననుకుంటున్నాడు. బైకు మీద వచ్చేవాడికి మాత్రం చీకట్లో ఒక రేకు ముక్క తప్ప ఇంకేమీ కనబడదు. అది కూడా దగ్గరకొచ్చాక.

దీనికి తోడు, లోడింగ్‌కి వెలుతురు చాలడం లేదని క్యాబిన్ వెనక ఒక ఫోకస్ లైటు బిగిస్తారు. అది తిన్నగా వెనక రోడ్డు మీదికి కొడుతుంది. వచ్చేవాడి కళ్ళు చెదిరిపోయి, ట్రేలు మోసే కూలీలు బండి పక్కన నిలబడి ఉన్నా కనబడరు. ఆ లైటుని కిందకి వంచి బాడీ లోపలికే పడేలా పెట్టడానికి ఒక్క బోల్టు వదులు చేస్తే చాలు. అంత చిన్న పని ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వది సూటిగానే ఉంటుంది. బండి ముందుకి ఎర్ర లైటు చూపించకూడదు. వెనక్కి ఎరుపు తప్ప వేరే రంగు చూపించకూడదు. ఇండికేటర్ల ఆంబర్ (నారింజ కలిసిన పసుపు) రంగుకి, రివర్స్ లైటు తెలుపుకి మినహాయింపు ఉంది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద కూడా ఎర్ర బుగ్గలు తీయించేశారు. నీలం, ఎరుపు, తెలుపు కలిసి మెరిసే లైట్లు అంబులెన్సు, ఫైరింజను, పోలీసు లాంటి అత్యవసర విధుల్లో ఉన్న బళ్ళకే. మేత బస్తాలు వేసుకుని తిరిగే బండికి అవి ఎందుకు? ఫైన్ పడుతుందన్నది నాకు రెండో బాధ. రోజూ ప్రతి పికప్ మీదా నీలం లైటు చూసి చూసి జనం దాన్ని లెక్కచేయడం మానేస్తున్నారు. రేపు మన ఇంట్లోవాళ్ళనే ఎక్కించుకుని అంబులెన్సు వెనక వస్తుంటే, ముందున్నవాడు "ఇదీ ఏదో రొయ్యల బండే" అనుకుని తప్పుకోకపోతే ఎవర్ని అడుగుతాం?

మరి తిరిగే పసుపు లైటు క్యాబిన్ పైన పెట్టుకోవచ్చు కదా అంటారు. రోడ్డు పనుల దగ్గర యంత్రాల మీద చూసి వచ్చిన ఆలోచన అది. ముందు మీ లోడు ఎత్తు చూసుకోండి. ట్రేలు నాలుగు వరసలు పేర్చి బరకం కప్పాక, కొబ్బరికాయల బండికైతే వలకట్టు ఇంకా పైకి లేచాక, క్యాబిన్ మీద లైటు వెనకవాడికి కనిపించదు. ఎదురొచ్చేవాడి కళ్ళలోకి మాత్రం కొడుతుంది. మాగ్నెట్‌తో అతికే రకం ఇనప రేకు మీద నిలుస్తుంది గానీ అల్యూమినియం మీదా, ఫైబరు మీదా నిలవదు. పైగా దాన్ని ఒకసారి పెట్టినవాడు ఆపడు. తాడేపల్లిగూడెం హైవే మీద ఎనభైలో పోతున్నా అది తిరుగుతూనే ఉంటుంది. అలాంటివాడు నిజంగా బండి చెడి ఆగిన రోజు, వెనకవాడు "ఇదెప్పుడూ ఇంతే" అనుకుని అదే స్పీడులో వస్తాడు. వార్నింగ్ లైటుకి విలువ ఉండేది మామూలప్పుడు ఆర్పి ఉంచి, అవసరానికి మాత్రమే వేసినప్పుడే.

నా లెక్కలో పికప్‌కి సరిపోయే వార్నింగ్ లైటు ఏదంటే, బాడీ వెనక స్తంభాల పైకొసన ఎడమ ఒకటి, కుడి ఒకటి, ఆంబర్ రంగు ఎల్‌ఈడీ ఇండికేటర్లు. డోరు దించినా కనిపిస్తాయి, బరకం వాటి కిందే ఆగుతుంది, బురద అంత ఎత్తుకి ఎగరదు. కింది ఇండికేటర్లతో పాటే వెలుగుతాయి కాబట్టి కొత్త అలవాటు ఏమీ నేర్చుకోనక్కర్లేదు. నాలుగు ఇండికేటర్లు వేస్తే ఆరు వెలుగుతాయి. బిగించే ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారినో, ఆర్టీవో ఆఫీసులోనో ఒక మాట అడగండి, ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు తలనొప్పి ఉండదు.

కొనేటప్పుడు షాపువాడు ఇరవై రకాలుగా మెరిసేది చూపిస్తాడు. వద్దనండి. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలి, అంతే. ప్రత్యేకంగా వార్నింగ్ లైట్ల కోసమే రాసిన ఐరోపా ప్రమాణం ఆర్65లో కూడా సెకనుకి రెండు నుంచి నాలుగు సార్లే. అంతకన్నా వేగంగా పిచ్చెక్కినట్టు కొట్టుకునే లైటుని చూస్తే ఆ బండి ఎంత దూరంలో ఉందో, కదులుతోందో లేదో అంచనా వేయలేం. మీరు ఎదురుగా నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా షాపుల్లో గట్టిగా చెబుతారు, పసుపు లైటు మంచుని చీల్చుకుని పోతుందని. మంచు బిందువులు కాంతి తరంగం కన్నా చాలా పెద్దవి. అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఆంబర్ ఎందుకు తీసుకోవాలంటే, ఆ రంగు మెరిస్తే "జాగ్రత్త" అని లారీ డ్రైవరు దగ్గర్నుంచి సైకిలు మీద పాలు తెచ్చేవాడి దాకా అందరికీ తెలుసు కాబట్టి. మంచులో మితిమీరిన వెలుగు కూడా చెరుపే. లైటు చుట్టూ తెల్లటి తెర కట్టేసి బండి అంచు ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

ఇక వైరింగ్. మన దగ్గర లైట్లు చచ్చిపోయేది ఇక్కడే.

భీమవరం చుట్టుపక్కల గాలిలోనే ఉప్పు ఉంది. దానికి తోడు ఐసు కరిగిన నీళ్ళు, రొయ్య నీళ్ళు బాడీ సందుల్లోంచి రాత్రంతా కారుతూనే ఉంటాయి. రెండేళ్ళు తిరిగిన ఏ పికప్ కిందకైనా దూరి, టెయిల్ లైటు దగ్గర నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఒకటి విప్పి చూడండి. టేపు జిగటగా చేతికి అంటుకుంటుంది. లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి జాయింటులోంచి కరెంటు వెళ్ళాలి, మీ ఇండికేటరు వెలగాలి! అందుకే లైటుకి పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా సరే వైరుకి, కనెక్టరుకి పెట్టండి. జాయింటు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. తప్పనిసరైతే నొక్కే కనెక్టరు వేసి, పైన జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే రకం) తొడగాలి. వైరు బాడీ వెంట గొట్టంలో పోవాలి. రేకుకి రంధ్రం చేసిన చోట రబ్బరు బుష్ లేకపోతే బండి అదురుకి రేకు అంచు వైరు తొడుగుని కోసేస్తుంది. లైటులోకి వెళ్ళే ముందు వైరు కొంచెం కిందకి వంగి మళ్ళీ పైకి పోవాలి, అప్పుడే వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపులోంచి కింద పడిపోతుంది.

ఎర్త్ గురించి వేరే చెప్పాలి. చాలామంది ఏదో ఒక బోల్టు కింద వైరు కొస దూర్చి ఊరుకుంటారు. ఆ బోల్టు కింద పెయింటు ఉంటుంది, పెయింటు మీద తుప్పు ఉంటుంది. ఇండికేటరు వేస్తే బ్రేక్ లైటు మసకగా మినుకుమినుకుమనడం చూశారా? ముందు ఆ ఎర్త్ చూడండి. పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక, రింగు టెర్మినల్ వేసి బిగించి, పైన గ్రీజు రాయాలి.

మా వీధి చివర ఎలక్ట్రీషియన్ కుర్రాడితో నాకు ఎప్పుడూ ఇదే గొడవ. "అన్నా, కలిపేద్దామండి, పది నిమిషాల పని" అంటాడు. "తమ్ముడూ, ఎడమ వైరు, కుడి వైరు ఒకచోట కలిపేస్తే ఎడమ ఇండికేటరు వేసినా కుడిది కూడా కొడుతుంది. ఎటు తిరుగుతున్నానో వెనకవాడికి ఎలా తెలుస్తుంది?" అంటాను. ఏ పక్కది ఆ పక్కకే ఇవ్వాలి. పాత బల్బులు అలాగే ఉంచి పైన చిన్న ఎల్‌ఈడీ అదనంగా కలిపితే ఫ్లాషరుకి, అంటే ఇండికేటర్లని కొట్టించే పరికరానికి, ఇబ్బంది లేదు. పాత 21 వాట్ల బల్బులు తీసేసి వాటి చోట ఎల్‌ఈడీ పెడితేనే, కరెంటు తగ్గి బల్బు పోయిందనుకుని ఫ్లాషరు డబుల్ స్పీడులో కొడుతుంది. అప్పుడు ఎల్‌ఈడీలకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు మార్చుకోవాలి. గంటల తరబడి ఆగే బండికి ఆ ఖర్చు దండగ కాదు. నాలుగు పాత బల్బులు వెలిగి ఆరుతూ ఉంటే సగటున మూడున్నర ఆంపియర్లు లాగుతాయి, మూడు గంటల పట్టుబడికి పది ఆంపియర్ అవర్లు పోయినట్టే. బ్యాటరీ ముసలిదైతే తెల్లారి లోడుతో సెల్ఫ్ అందుకోదు. ఆ టెన్షన్‌తోనే కొందరు డ్రైవర్లు లైట్లు ఆర్పేసి చీకట్లో నిలబెడుతున్నారు.

లోడింగ్ ఫోకస్ లైటు 24 వాట్లదైతే రెండు ఆంపియర్లు. దానికి ఇండికేటరు వైరులోంచి కరెంటు దొంగిలించకూడదు. బ్యాటరీ నుంచి వేరే లైను, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు, తర్వాత రిలే (చిన్న స్విచ్చితో పెద్ద కరెంటుని కలిపే పెట్టె). రిలే కాళ్ళ దగ్గర ఉండే నంబర్లలో 30కి ఫ్యూజు నుంచి వచ్చే లైను, 87 నుంచి లైటుకి, 85, 86లలో ఒకటి స్విచ్చికి, ఇంకోటి ఎర్త్‌కి. ఫ్యూజు లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడలేదు.

పెట్టె మీద ఐపీ 67 అని చూసి మురిసిపోకండి. దుమ్ము చొరబడదని, మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా లోపలికి నీరు రాదని దాని అర్థం. మనం లోడు దింపాక ప్రెషర్ పంపుతో వాసన పోయేదాకా కడుగుతాం. ఆ ధాటికి తట్టుకునే పరీక్ష వేరు, దాని గుర్తు ఐపీ 69కె. అది దొరక్కపోతే కడిగేటప్పుడు పైపు లైటు మీద పెట్టొద్దని క్లీనరుకి చెప్పండి.

ఇవేవీ వద్దు, చేతిలో డబ్బుల్లేవు అనేవాళ్ళకి రేడియం స్టిక్కర్ ఉంది. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు, ఇది నియమం. అందరూ డోరు బయటి వైపు అతికిస్తారు, మంచిదే. కానీ డోరు దించినప్పుడు వెనకవాడికి కనిపించేది లోపలి వైపు! అక్కడ కూడా ఎర్ర స్టిక్కర్ అడ్డంగా ఒక వరస వేయించండి. బ్యాటరీ అక్కర్లేదు, వైరు అక్కర్లేదు, వచ్చేవాడి హెడ్‌లైటు పడితే చాలు. ట్రేలు రుద్దుకుని చిరిగిపోతుంది, చిరిగినప్పుడల్లా మళ్ళీ వేయించాలి. తుడవని రేకు మీద అతికిస్తే మొదటి వానకే ఊడి వస్తుంది.

దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం, అంచున రాళ్ళు, మిగతా సగంలో లైటు లేని గడ్డి ట్రాక్టరు. వాళ్ళకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఇంకో పోస్టులో రాస్తాను.

రైతులకీ, కొనుగోలు ఏజెంట్లకీ ఒక మాట. బండి గట్టు మీదికి రాగానే ఐసు చాలినంత ఉందా, ట్రేలు కడిగారా అని మీరు ఎలాగూ చూస్తారు. డోరు దింపించి, నాలుగు ఇండికేటర్లు వేయించి, వెనక్కి వెళ్ళి ఓసారి చూడండి. కనిపించకపోతే ఆ డ్రైవరుకి అక్కడే చెప్పండి, సరిచేసుకున్నాకే తర్వాతి కిరాయి ఇవ్వండి. మీ చెరువు దగ్గర పనిచేసే కూలీలు కూడా ఆ బండి వెనకే నిలబడి ట్రేలు అందుకుంటారు.