నేల విడిచి మొక్కల సాము

తొలకరికి వాగు పొంగి ఎర్రనీళ్లు పారితే ఊరంతా గట్టు మీదికొచ్చి చూస్తుంది. కొత్తనీరు వచ్చిందని సంబరం. ఆ ఎరుపు ఎగువన ఎవరి చేనిదో, ఏ గుట్ట వాలుదో. దున్ని, పెంట తోలి, విత్తడానికి సిద్ధం చేసుకున్న పైమట్టి అలా వెళ్లిపోతుంది. వాన వెలిశాక రైతు గెనెం మీద నిలబడి చూస్తే చేనంతా గులకరాళ్లు తేలి ఉంటాయి. నది దారి మారి పొలం కోసుకుపోతే సాయం చేయడానికి నిబంధనలున్నాయి. ఏటేటా పలచగా లేచిపోయే ఈ పొరను మాత్రం ఏ వీఆర్‌ఓ రాసుకోడు. రాసుకోవడానికి ఆయన దగ్గర గడి లేదు.

అదే సమయంలో వనమహోత్సవం వస్తుంది. 1950లో కేంద్ర మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన ఈ పండుగకు వయసు మీరింది గానీ పద్ధతి మారలేదు. ఎన్ని గుంతలు తవ్వారు, ఎన్ని మొక్కలు దిగాయి, జిల్లా టార్గెట్‌లో ఎంత శాతం అయింది... సాయంత్రానికి లెక్క హైదరాబాద్‌కో అమరావతికో చేరాలి. ఆ గుంతలో ఎంత మట్టి ఉందని అడిగేవాళ్లు లేరు. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

మట్టి ఎలా పుడుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మన విధానాల్లోని తొందరంతా అక్కడే బయటపడుతుంది. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల అడుగున ఉన్నది గ్రానైట్, దాని చుట్టాలైన రాళ్లు. హైదరాబాద్ చుట్టూ ఎవరో పేర్చిపెట్టినట్టు కనిపించే బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని అవి పగుళ్లిస్తాయి. పగుళ్లలోకి దిగిన వాననీటిలో కొద్దిపాటి ఆమ్లం ఉంటుంది. ఆ నీటికి రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా బంకమన్నుగా మారుతుంది. క్వార్ట్జ్ అనే మరో ఖనిజం లొంగదు, ఇసుకై మిగిలిపోతుంది. ఇనుము తుప్పుపట్టి ఎరుపునిస్తుంది. అదే మన ఎర్రనేల, తెలంగాణ రైతు మాటల్లో చల్కా. ఆదిలాబాద్ వైపు అడుగున ఉన్నది గడ్డకట్టిన లావా రాయి, అది నల్లరేగడి అయింది. వేసవిలో కాలు ఇరుక్కునేంత నెర్రెలిచ్చి, పైమట్టిని తన లోపలికే రాల్చుకుని, వానకు మళ్లీ మూసుకుంటుంది. తనను తాను దున్నుకునే నేల అది.

రాయి పొడి అయినంత మాత్రాన మట్టి కాదు. బండ మీద బూడిదరంగు మచ్చల్లా పాకే లైకెన్లు, వాటి వెనకాల నాచు, ఆపైన గడ్డి, గడ్డి వేళ్లు, రాలిన ఆకు, చెదలు, వానపాములు, కంటికి కనపడని బూజులు అన్నీ దాని మీద పనిచేయాలి. రాయి, వాతావరణం, జీవులు, నేల వాలు, కాలం కలిస్తేనే మట్టి అవుతుందని 1880ల్లో రష్యా నల్లనేలలను పరిశీలించిన శాస్త్రవేత్త దొకుచాయెవ్ చెప్పాడు. వీటిలో మొదటి నాలుగింటికి మనిషి ఏదో ఒక సాయం చేయగలడు. కాలానికి చేయలేడు. రెండు, మూడు సెంటీమీటర్ల మట్టి తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టొచ్చని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంటోంది. రుద్రమదేవి గద్దెనెక్కిన నాడు ఓరుగల్లు పక్కన ఒక బండ మీద ఆ పని మొదలై ఉంటే, ఇవాళ్టికీ పూర్తయి ఉండకపోవచ్చు. దాన్ని ఒక్క గట్టి వాన, ఒక్క జేసీబీ ఒక పూటలో తీసుకుపోతాయి.

ఇలా ఏర్పడిన నేలే తన మీద ఏది బతకాలో తేలుస్తుంది. ఎర్రచందనం సంగతే చూడండి. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, శేషాచలం, లంకమల, పాలకొండ, వెలికొండల్లో. అక్కడి నేల ఏమంత గొప్పదా అంటే, క్వార్ట్జైట్ రాళ్ల మధ్య పలచగా, నీరు నిలవకుండా జారిపోయే గరుకు మట్టి. వరి రైతు అయితే మొహం తిప్పుకుంటాడు. ఆ రాతిలో కష్టపడి, దశాబ్దాల తరబడి పెరుగుతూనే ఆ చెట్టు ఎర్రటి చేవ కడుతుంది. తడి నిలిచే చోట దానికి పొసగదు. అవే కొండల మీద సైకస్ బెడ్డోమీ అనే చిన్న చెట్టు ఉంది. ఈ కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా లేదు. మరోవైపు ఉత్తర భారతంలో అడవులకు అడవులే పరుచుకున్న గుగ్గిలం, తూర్పు కనుమల్లో ఉత్తరాంధ్ర దాకా వచ్చి ఆగిపోతుంది. రేగడిలో, చెరువు శిఖంలో నల్లతుమ్మ, గరుకు నేలలో తంగేడు, వంక ఒడ్డున ఈత, కోరింగ ఉప్పుబురదలో మడ. పశువులు కాసే పిల్లవాడు కూడా చెట్టును చూసి నేల చెప్పేవాడు. మన మొక్కల టెండర్లకు ఆ తెలివి లేకపోయింది. రోడ్డు మధ్యలోనూ పార్కులోనూ కోనోకార్పస్ అనే ఒకే విదేశీ మొక్క. నాటించిన తెలంగాణ ప్రభుత్వమే తర్వాత దాన్ని వద్దనాల్సి వచ్చింది.

కోనోకార్పస్‌ది చిన్న తప్పు, పీకేస్తే పోతుంది. అసలు పెద్ద తప్పు ఒక మాటలో ఉంది. ఆ మాట ‘బంజరు’. రాళ్లూ ముళ్లపొదలూ గడ్డీ ఉన్న నేలను ప్రభుత్వ బంజరు భూముల అట్లాసుల్లో పొదలభూమి కింద లెక్కగడతారు. మన పెద్దలు దానికి పెట్టిన పేరు వేరు. మేతకు వదిలిన నేలను వాళ్లు కంచ అన్నారు. 2025 వసంతంలో దేశమంతా మాట్లాడుకున్న కంచ గచ్చిబౌలి పేరులోనే ఆ పాత సంగతి దాగుంది. అక్కడి 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. రికార్డు ఏమన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవేనని 1996లోనే గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గచ్చిబౌలిలోనూ యంత్రాలు ఆగడానికి 2025 ఏప్రిల్‌లో ఆ కోర్టే జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అప్పటికే చాలా చెట్లు పడ్డాయి. అందరూ చెట్ల గురించి బాధపడ్డారు, న్యాయమే. జేసీబీ పళ్ల కింద తిరగబడిన ఆ పలచటి మట్టి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మొక్క మళ్లీ నాటొచ్చు. మట్టిని ఎక్కడినుంచి తెచ్చి నాటుతాం?

ఇప్పుడు ఈ ‘బంజరు’ మీదికే గ్రీన్ క్రెడిట్ వస్తోంది. 2023 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ఈ పథకం కింద కంపెనీలు డబ్బు పెడితే అటవీ శాఖ మొక్కలు పెంచుతుంది, అందుకు కంపెనీలకు క్రెడిట్లు, అంటే గుర్తింపు పాయింట్లు, వస్తాయి. 2024 ఫిబ్రవరి విధివిధానాలు చూస్తే, పలచబడిన అడవులు, పొదలభూములు, బంజర్లు, పరీవాహక ప్రాంతాలు దీనికి అర్హమైనవి, హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలన్నారు. స్థానిక నేలను బట్టి అని ఒక మాట చేర్చారు, కాదనం. తర్వాత సవరణలు చేసి, అయిదేళ్లకు 40 శాతం చెట్ల నీడ ఉండాలన్నారు. గుంతల లెక్క కన్నా ఇది నయమే. కానీ రాయలసీమ గుట్ట మీద ప్రకృతే 40 శాతం నీడ ఇవ్వని చోట్లు బోలెడు. జానెడు మట్టి ఉన్న వాలు మీద ఎకరానికి 450 గుంతలు తవ్వితే ఏం జరుగుతుంది? పట్టి ఉంచిన గడ్డి వేళ్లు తెగుతాయి, తవ్విపోసిన మట్టి మొదటి వానకే దిగువకు పోతుంది, మొక్క ఏప్రిల్‌లో ఎండుతుంది. కాగితం మీద మాత్రం ఆ ఏడాదికి పచ్చదనం పెరిగినట్టే.

కాగితం పచ్చదనం మనకు కొత్త కాదు. హెక్టారుకు మించిన జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, అటవీ సర్వే నివేదికలో అది అటవీ విస్తీర్ణమే. మామిడి తోటయినా, యూకలిప్టస్ తోటయినా. ఇంత ఉదారంగా లెక్కించినా 2023 నివేదికలో ఆంధ్రప్రదేశ్ సుమారు 138 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ సుమారు 100 చదరపు కిలోమీటర్లు కోల్పోయాయి.

బంజరంటే ఏమిటో చూడాలనుకునేవాళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోని కల్పవల్లికి వెళ్లాలి. 1990లలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి బోడిగుట్టల మీద పని మొదలుపెట్టారు. ఎక్కువగా చేసింది కాపలా. ఎండాకాలం మంటలు రాకుండా చూడటం, మేతకు కట్టుబాట్లు పెట్టుకోవడం, అక్కడక్కడా విత్తనాలు చల్లడం. గడ్డి ముందు వచ్చింది. గడ్డి మట్టిని పట్టుకుంది, మట్టి నీటిని పట్టుకుంది, వంకల వెంట ఈతచెట్లు లేచాయి. ఇప్పుడది వేల ఎకరాలు. పశువులకు మేత, చీపుళ్లకు ఈతాకు, తోడేళ్లకు చోటు. అయినా రెవెన్యూ రికార్డులో అది బంజరే కాబట్టి గాలిమరల కోసం ఆ కొండల నెత్తి మీద రోడ్లు కోశారు. వివాదం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కరెంటు కూడా పచ్చదే కదా అన్నారు కొందరు. కొండ కోత పడితే దిగువ చెరువులోకి వచ్చేది ఆ కొండ మట్టేనన్న సంగతి అక్కడి ముష్టికోవెల ఊరి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మట్టి పోతే నీళ్లూ పోతాయి. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. ఇప్పుడు 105 టీఎంసీల చిల్లర. మిగతా జాగా పూడిక తినేసింది. శ్రీశైలం 308 నుంచి 215 టీఎంసీల దగ్గరికి దిగింది. ఎగువ కాలువ మీద ఆధారపడిన అనంతపురం రైతుకు చివరి తడి అందకపోతే దోషం కర్ణాటకదా, ఇంజినీర్లదా అని వాదులాడుకుంటాం. ఎగువన గుట్టలు గుల్లై, చేలు గట్లు లేకుండా పడి ఉండటం ఆ వాదనలోకి రాదు. ఆ పూడికనే తిరిగి పొలానికి తోలుకునే మంచి అలవాటు మనకుంది. చెరువు మట్టి తోలిన చల్కాలో మక్క ఎలా నిలబడుతుందో తెలంగాణలో తెలియనివాళ్లు లేరు. 2015లో మిషన్ కాకతీయ ఆ అలవాటుకు ప్రభుత్వ బలం ఇచ్చింది. అది మళ్లీ ఊపందుకోవాలి. అయితే అది పోయిన సొమ్ములో కొంత రాబట్టుకోవడమే. చేలో రాతికట్ట, వాలుకు అడ్డంగా దుక్కి, గెనెం మీద గడ్డి... వీటికి ఉపాధి హామీ పనుల్లో ఇచ్చే చోటు ఇంకా పెరగాలి.

మా మాట సూటిగా చెప్తాం. గడ్డి, పొదలు ఉన్న రాతినేలలను బంజరు పద్దు నుంచి తీసేయాలి, మేత నేలలుగా వేరే పేరుతో రాయాలి. మట్టి లోతు కొలవని చోట మొక్కల టార్గెట్ పెట్టకూడదు. పలచటి నేలల్లో గుంతల బడ్జెట్‌ను మంటల కాపలాకు, ఊరివాళ్ల కూలికి మళ్లించాలి. పాత మోళ్లు వాటంతట అవే చిగురిస్తాయి. శేషాచలంలో, నల్లమలలో వేసవి మంటల తర్వాత వచ్చే మొదటి వానే ఎక్కువ మట్టిని తీసుకుపోతుంది, అందుకే ఫైర్ వాచర్ల జీతాలు మార్చిలో ఆగకూడదు. పోడు చేసే ఆదివాసీని దొంగలా చూడటం మాని, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సామూహిక అటవీ హక్కులు ఇస్తే ఆ కొండను కాచేది వాళ్లే. రైతుకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. జింకు ఎంతో, బోరాన్ ఎంతో చెప్తుంది. పైమట్టి ఎన్ని అంగుళాలు మిగిలిందో చెప్పదు. 13వ గడిగా దాన్ని చేర్చడానికి గునపం, టేపు చాలు.

గ్రీన్ క్రెడిట్ కింద రెండు రాష్ట్రాల్లో ఏ గుట్టలు, ఏ మేతబీళ్లు ఎంపికయ్యాయో, ఒక్కోచోట మట్టి ఎంత లోతుందో ఆ జాబితా తెలుగులో బయటపెట్టాలి. ఆ ఊళ్ల పంచాయతీ గోడల మీద అంటించాలి, గుంతలు తవ్వడానికి ముందే.