ఎండిన మానులోనే ఆ నీలిపిట్ట కాపురం

అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది జులై 4 సెలవులకో, పిల్లల బడులకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడో. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర వేడినీళ్లు ఎగజిమ్మడం చూస్తారు, బైసన్ల (అమెరికా అడవిదున్నల) మంద ఎదురైతే కారు ఆపుతారు. కొండవాలుల్లో అక్కడక్కడ బూడిదరంగు మోళ్లు కనిపిస్తే మాత్రం అడవి పాడైపోయిందనుకుంటారు. చాలామంది అమెరికన్లూ అలాగే అనుకుంటారు. నా దృష్టిలో ఆ అడవికి ఉన్న పెద్ద ఆస్తుల్లో ఆ మోళ్లు ఒకటి.

ఎందుకో తెలియాలంటే మౌంటెన్ బ్లూబర్డ్‌ను చూడాలి. దాదాపు 30 గ్రాముల పాటపిట్ట. మగపిట్ట ఒళ్లంతా ఆకాశం రంగు, పొట్ట కింద తెలుపు. ఆడది బూడిదరంగులో ఉంటుంది, రెక్కల్లో, తోకలో మాత్రం నీలం తొంగిచూస్తుంది. మార్చిలో, మంచు ఇంకా కరగకముందే పార్కుకు చేరుకుంటుంది. గడ్డినేల మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, కింద మిడత కదిలితే చటుక్కున వాలి పట్టేస్తుంది. చలి ముదిరేలోపు మళ్లీ దక్షిణాదికి ప్రయాణం. కొన్ని మెక్సికో దాకా పోతాయి.

ఇక్కడున్న ఆ కొద్ది నెలల్లోనే గుడ్లు పెట్టి పిల్లల్ని ఎగరేయాలి. అందుకు దానికి చెట్టు తొర్ర కావాలి. తొర్ర తొలిచే ముక్కు దానికి లేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసిన తొర్రల్లో దూరి కాపురం పెడుతుంది. ఆడపిట్ట జోడీని ఎంచుకునే తీరు వింతగా ఉంటుంది: మగపిట్ట రంగునూ పాటనూ కాదు, అది చూపించిన తొర్ర ఎలా ఉంది, ఎక్కడ ఉంది అన్నదే చూస్తుంది. అంటే ఈ పిట్టకు ఇల్లు కుదిరితేనే పెళ్లి.

1988లో యెల్లోస్టోన్ తగలబడింది. 22 లక్షల ఎకరాల పార్కులో సుమారు 7.94 లక్షల ఎకరాలు, అంటే 36 శాతం దాకా మంటల బారిన పడింది. ఆ సీజన్‌లో దాదాపు 25,000 మంది మంటలతో పోరాడారు, 12 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చివరికి మంటల జోరు తగ్గించింది సెప్టెంబరులో పడిన మంచు. పిడుగులు పడి పుట్టిన మంటల్ని వాటి మానాన వదిలేయాలని పార్కు 1972 నుంచి పాటిస్తున్న విధానం మీద దేశమంతా మండిపడింది. కానీ కాలిన చెట్లలో పురుగులు చేరాయి, పురుగుల కోసం వడ్రంగిపిట్టలు వచ్చాయి, అవి తొలిచిన తొర్రల్లోకి బ్లూబర్డ్‌లు దిగాయి. చుట్టూ అడవి పలచబడి గడ్డి పెరగడంతో వేటకూ చోటు దొరికింది.

ఈ వైభవం శాశ్వతం కాదు. మోళ్లు కూలుతాయి, లాడ్జ్‌పోల్ పైన్ మొక్కలు ఒత్తుగా లేచి నేలను కప్పేస్తాయి, పిట్ట వేరే చోటు వెతుక్కుంటుంది. ఇదివరకు ఇక్కడ పెద్ద మంటలు 100 నుంచి 300 ఏళ్లకోసారి వచ్చేవి. ఆలోగా చెట్లు లావెక్కేవి. 2016లో వచ్చిన మేపుల్ ఫైర్ అనే కార్చిచ్చు మాత్రం 1988 తర్వాత మొలిచిన లేత అడవినే కాల్చింది. నాకు టెన్షన్ అక్కడే. ముంజేతి లావు కూడా లేని కాండం కాలితే వడ్రంగిపిట్ట దేన్ని తొలుస్తుంది? మంట రావడం వేరు, వాతావరణం వేడెక్కి వెంటవెంటనే రావడం వేరు. మొదటిదానికి ఈ పిట్ట ఏనాడో అలవాటు పడింది, రెండోది దాని ఇంటికే ఎసరు పెడుతుంది.

అందుకే ఉన్న లావుపాటి మోళ్లను కాపాడుకోవాలి. పార్కు లోపల కలప కొట్టరు, బాగానే ఉంది. చుట్టుపక్కల ప్రభుత్వ అడవుల్లో మాత్రం కాలిన చెట్లను కలప కింద కొట్టి అమ్మేందుకు అనుమతిస్తుంటారు. పిట్టకు పార్కు సరిహద్దు తెలియదు. రోడ్ల వెంట, పొలాల కంచెలకు జనం కట్టే చెక్క గూళ్లు సాయమే కానీ అడవి మొత్తానికి గూళ్లు కట్టలేం.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ 2018లో ఎంచుకున్న రామచిలుక, రెండూ తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. దసరా నాడు పాలపిట్ట దర్శనం కోసం ఊరు దాటి వెళ్తాం, అదే ఊరి చివర ఎండిన మాను కనిపిస్తే గొడ్డలి తీస్తాం. రోడ్డు మీదో ఇంటి మీదో పడేలా ఉంటే కొట్టాల్సిందే, అందులో వాదన లేదు. అడవి మధ్యలో, పార్కుల్లో నడకదారికి దూరంగా నిలబడ్డ ఎండు మానును మాత్రం అది కూలేదాకా తాకకూడదని అటవీశాఖ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.